బరువు సరే, తాఖత్ ఏదీ?

మన ఇళ్లల్లో సన్నగా ఉన్న కుర్రాణ్ణి ఎవరూ ఊరికే వదలరు. "క్యా మియా, ఇంట్లో తిండి పెట్టట్లేదా?" అని దావత్‌లో ఒకరు అంటారు. "గట్టిగా హవా వస్తే ఎగిరిపోతావ్" అని గల్లీలో ఇంకొకరు. రిష్తా మాటలు మొదలైతే మరీ జుల్మ్. జీతం ఎంతని అడిగాక అమ్మాయి తరఫువాళ్ల రెండో సవాల్ ఇదే: "అబ్బాయి మరీ దుబ్లాగా ఉన్నాడు, సెహత్ బాగానే ఉంటుందా?" లావుగా ఉన్నవాళ్లను వెక్కిరించడం బద్‌తమీజీ అని ఈమధ్య కొంచెం తెలుసుకున్నాం. దుబ్లావాణ్ణి వెక్కిరించడం మాత్రం ఇంకా మొహబ్బత్ కిందే లెక్క.

ఈ మొహబ్బతే కుర్రాళ్లను మెడికల్ షాపుల దాకా తోస్తోందని నా ఖయాల్. మా ఆపా కొడుకు పోయిన ఏడాది ఒక షాపులో "బరువు పెరిగే గోలీలు" కొనుక్కున్నాడు. చీటీ లేదు, సవాల్ లేదు. నెల తిరిగేసరికి బుగ్గలు నిండాయి. ఇల్లంతా ఖుషీ. నజర్ తగులుతుందని ఆపా మిరపకాయలు దిగదుడిచింది కూడా. నాకు మాత్రం వాడి చేతులు కనిపించాయి. మొహం ఉబ్బింది, చేతులు పుల్లల్లాగే ఉన్నాయి. గోలీల అట్ట తెప్పించి చూస్తే దానిమీద డెక్సామెథసోన్ అని ఉంది.

అది స్టెరాయిడ్. ఉబ్బసం లాంటి జబ్బుల్లో డాక్టర్ చీటీతో వాడాల్సిన దవా. ఆకలి పెంచుతుంది, ఒంట్లో నీరు నిలబెడుతుంది, మొహానికి, పొట్టకు కొవ్వు చేరుస్తుంది. చాలాకాలం వాడితే షుగర్, బీపీ పెంచుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. అసలు తమాషా ఏమిటంటే అది కండను పెంచదు, కరిగిస్తుంది. కండ కోసం వెళ్లినవాడు డబ్బులిచ్చి మరీ ఉన్న కండ పోగొట్టుకుంటాడు. కొన్నాళ్లుగా వాడుతున్నవాళ్లు భయపడి ఒక్కసారిగా ఆపకూడదు, అది ఇంకో ఖతరా. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మావాడికీ అలాగే చేయించాం.

గామా పహిల్వాన్ పేరు మన బుజుర్గుల నోట వినని వాళ్లుండరు. 1910లో లండన్ వెళ్లి జాన్ బుల్ బెల్ట్ గెలుచుకొచ్చిన మనిషి. ఆయన ఖురాక్ గురించి అందరూ చెబుతారు: పాలు, బాదం, నెయ్యి, యఖ్నీ. ఆయన రోజూ తీసిన దండ్లు, బైఠక్‌ల సంగతి దగ్గరికొచ్చేసరికి ఆవలిస్తారు. మన గల్తీ అంతా అక్కడే ఉంది. కస్రత్ లేని ఖురాక్ పొట్టకు చేరుతుంది. ఖురాక్ లేని కస్రత్ ఒంటిని అరగదీస్తుంది. పాత తాలీంలలో ఉస్తాద్‌లు ఈ రెంటినీ ఎప్పుడూ విడదీయలేదు.

హిసాబ్ కూడా కష్టమేం కాదు. కండ పెరగాలంటే కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు. 55 కిలోల కుర్రాడికి 88 గ్రాములు. మూడు గుడ్లకు 18, అర లీటరు పాలకు 16, ఎముకల్లేని 150 గ్రాముల పచ్చి చికెన్‌కు 33, చిక్కటి పప్పు ఒక గిన్నెకు 10, గుప్పెడు పల్లీలకు 8. మిగిలింది అన్నం, రోటీలే ఇస్తాయి. ఇప్పుడు తినే తిండి మీద రోజుకు 300 నుంచి 400 క్యాలరీలు ఎక్కువ పడితే సరిపోతుంది. అంటే ఒక గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు, ఒక అరటిపండు. రోజూ రాత్రి హోటల్లో బిర్యానీ కొట్టాల్సిన జరూరత్ లేదు.

వారానికి మూడు రోజులు కస్రత్: బైఠక్‌లు, దండ్లు, బరువులెత్తడం. ఉసూల్ ఒక్కటే. పోయిన వారం కంటే ఈ వారం ఒక కిలో ఎక్కువ, లేదా రెండుసార్లు ఎక్కువ. ఎప్పుడూ అదే బరువు ఎత్తుతుంటే కండకు పెరగాల్సిన పని ఉండదు. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర కావాలి. రెండింటిదాకా ఫోన్ చూసి పొద్దున జిమ్‌లో సెల్ఫీ తీసుకుంటే ఒళ్లు ధోకా తినదు.

డబ్బా పౌడర్లు జహర్ అని నేననను. వే ప్రొటీన్ పాల నుంచి తీసిందే. తిండితో లెక్క కుదరనివాళ్లకు అది సహూలియత్. కానీ "మాస్ గెయినర్" అని అమ్మే పెద్ద డబ్బాల్లో చాలావాటిలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి నుంచి తీసిన చక్కెర లాంటిది. అంత ఖర్చుపెట్టి చక్కెర తినడం ఎందుకు? నెలకు పది కిలోలని ఎవరైనా వాదా చేస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. నెలకు ఒక కిలో పెరిగితే బాగా పెరిగినట్టే. అంతకు మించి గబగబా పెరిగేదాంట్లో కొవ్వే ఎక్కువ.

ఏమీ మారకుండానే బరువు తగ్గుతున్నా, ఎంత తిన్నా ఒళ్లు పట్టకపోయినా ముందు థైరాయిడ్, షుగర్, టీబీ పరీక్షలు చేయించండి. జిమ్ తర్వాత.

ఇక పెద్దలకు నా గుజారిష్. ఇంట్లో దుబ్లా కుర్రాడుంటే తానాలు మానేసి పొద్దున వాడి ప్లేట్లో రెండు గుడ్లు ఎక్కువ పెట్టండి. ఆరు నెలలు సబర్ చేయండి. బుగ్గలు నిండాయా లేదా అని మొహం చూడకండి, నిన్నటికంటే ఎక్కువ బరువు ఎత్తుతున్నాడా అని అడగండి.