పుంగనూరు ఆవు: ఎత్తు, వంశము

పొట్టి కాళ్ళు, వెడల్పైన నుదురు, నేలనంటు తోక: పుంగనూరు ఆవు నేడు సెల్‌ఫోను తెరలపై ముద్దుబిడ్డయైనది. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసమున ఈ ఆవులకు మేత తినిపించిన దృశ్యమును దేశమంతయు చూచినది. మూడడుగుల ఆవును నట్టింట తిప్పుకొనవలెనను ముచ్చట నగరములలో మరింత ప్రబలినది.

ముచ్చట తప్పు కాదు. కాని చిత్తూరు సీమ రైతు ఈ ఆవును ముచ్చటకై పెంచలేదు. వానలు మొగము చాటుచేసిన యేట ఎండుగడ్డితో బ్రదుకుననియు, సాధారణముగ ఆవుపాలలో 3, 4 శాతముండు వెన్న దీని పాలలో 8 శాతము వరకు ఉండుననియు పెంచెను. ఎక్కువ పాలిచ్చు సంకరజాతులు వచ్చిన పిమ్మట దొడ్లలో దీనికి చోటు తగ్గినది. పలమనేరు పశు పరిశోధన కేంద్రము ఈ జాతిని కాపాడుటకు పాటుపడుచున్నది.

నేడు పొట్టితనమునకే వెల. అంగుళములే గీటురాయి యైనచో పాల చిక్కదనము, కరవును తట్టుకొను శక్తి ఎవరికి పట్టును? హాలులో ఒంటరిగా తిరుగు ఆవు ఫోటోకు అందమే. దూడలు లేనిదే జాతి నిలువదు.

ఇందుకు యంత్రమును నిందించి ఫలము లేదు. చెవికి తగిలించు 12 అంకెల బిళ్ళ ఆధారముగా ఆవు పుట్టుపూర్వోత్తరములను కంప్యూటరులో భద్రపరుపవచ్చును. మేలైన ఆబోతు వీర్యమును ద్రవ నత్రజనిలో ఏండ్ల తరబడి నిలువచేయవచ్చును. కొనువారు "ఎంత ఎత్తు?" అని గాక, "ఏ తల్లి దూడ? ఆబోతు ఏది?" అని అడుగవలెను. ఆ వివరము చూపలేని బేరమును కాదన్ననాడే ఈ ముచ్చట జాతికి మేలగును.