మట్టియు మన పిల్లలును

బతుకమ్మనాడు మన ఆడపడుచులు గుమ్మడియాకుపై తంగేడు, గునుగు పూలను వలయములుగా పేర్చి గోపురమును నిలుపుదురు. ప్రకృతినుండి రూపమును గ్రహించు విద్య మన సాలెవారికి క్రొత్తది కాదు. చీర అంచులలోని మామిడిపిందె, లత, చిలుక కూడ ఆ విద్యయే. ఆ రూపములనే మట్టిలో మలచి కాల్చినచో మృణ్మయశిల్పమగును. బరోడాలో జ్యోత్స్నా భట్ (1940–2020) తామరమొగ్గలను, పిల్లులను, గుడ్లగూబలను ఇట్లు మలచియే కీర్తి గాంచిరి.

మన పేటల పిల్లలు మాత్రము ఎక్కువగా అచ్చులో పోసిన ప్లాస్టర్ బొమ్మలనే ఎరుగుదురు. అచ్చు చేతికి శ్రమ తప్పించును గాని కంటికి చూపు నేర్పదు. మట్టి నేర్పును. షోలాపురపు దానిమ్మపండును చేయబూనినవాడు దాని కిరీటమును, పలకలు దేలిన ఒడలిని పరికించితీరవలెను. లోపల బోలుగా చేసి, చిన్న రంధ్రముంచి, నీడలో మెల్లగా ఆరనీయవలెను. తేమ మిగిలినచో అది ఆవిరియై ఆవములో బొమ్మను పగులగొట్టును. మగ్గమునకు కావలసిన ఓర్పే మట్టికిని కావలెను.

చేతిమగ్గములు మన ఇండ్లలో అరుదైనవి. చేతి నేర్పు కూడ అరుదు కారాదు. కనుక సంఘమువారు ప్రతి ఆదివారము ఒక గంట ఇందుకై కేటాయించి, కుమ్మరులను గురువులుగా పిలువవలెనని మా మనవి.