ప్లాను వెనక సీటు వేయాలి

బండి మీద కొండలకు వెళ్తున్నానని ఎవరితోనైనా అని చూడండి. ‘రోజుకు ఎన్ని కిలోమీటర్లు?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఏ బండి?’ అన్నది రెండోది. ‘వెనక ఎవరు కూర్చుంటున్నారు, ఎంతసేపు కూర్చోగలరు?’ అని అడిగినవాడు నాకింతవరకు తగల్లేదు. ఇద్దరు వెళ్ళే ప్రయాణానికి ఒక్కడి నడుము బలం చూసుకుని లెక్కలు వేయడం మనకు అలవాటైపోయింది.

హ్యాండిల్ పట్టుకున్నవాడికి అలసట ఆలస్యంగా తెలుస్తుంది. చేతికి పని, కాలికి పని, కంటికి పని. మలుపు వస్తోందని ముందే కనిపిస్తుంది కాబట్టి ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది. వెనకున్న మనిషికి ఆ సౌకర్యం లేదు. బ్రేకు ఎప్పుడు పడుతుందో, గొయ్యి ఎక్కడుందో తెలియదు. ఎదురుగా కనిపించేది హెల్మెట్ వెనక భాగం. పడిపోకుండా ఉండడమే పనిగా గంటల తరబడి కూర్చోవాలి. అందుకని తీరుబడిగా సాగాల్సిన ప్రయాణానికి ప్లాను వెనక సీటు వేయాలంటాను. ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఏ రోజు అసలు బండి తీయకూడదు, అన్నీ ఆ సీటే చెప్పాలి. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అని ఒకటుంది. 24 గంటల్లో వెయ్యి మైళ్ళు, అంటే 1,600 కిలోమీటర్లకు పైనే నడిపినవాళ్ళకు సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సరదా ఉన్నవాళ్ళను నేను వద్దనను. వెనక కూర్చునే ఆవిణ్ణి ఇంట్లో దింపేసి వెళ్ళమంటాను.

నాకు నచ్చిన దారి ఒకటి చెప్తాను. విశాఖపట్నం నుంచి పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు. అరకు నుంచి హుకుంపేట మీదుగా పాడేరు. అక్కడి నుంచి జి.మాడుగుల మీదుగా లంబసింగి. లంబసింగి ఘాట్ దిగితే నర్సీపట్నం, మళ్ళీ విశాఖ. మొత్తం 350 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కుర్రాళ్ళు శనివారం తెల్లారగట్ల బయల్దేరి ఆదివారం రాత్రికల్లా దీన్ని ముగించి స్టేటస్ పెట్టేస్తారు. నేను ఐదు రోజులు ఇమ్మంటాను, ఆరో రోజు చేతిలో ఖాళీగా ఉంచుకోమంటాను.

ఆ ఖాళీ రోజు ఎందుకంటే, శరత్తు. మన లెక్కలో ఆశ్వయుజం, కార్తీకం. ఆశ్వయుజంలో ఈ కొండలు పచ్చగా, జలపాతాలు నిండుగా ఉంటాయి. కానీ బంగాళాఖాతాన్ని నమ్మడానికి లేని రోజులవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. కొండల మీద కాఫీ తోటలకు నీడపట్టే సిల్వర్ ఓక్ చెట్లు కూడా కూలిపోయాయి. కార్తీకంలో తుపాను రాదని కాదు. వాయుగుండం అన్న మాట వినిపిస్తే ప్రయాణం వాయిదా వేయాలి, కొండ మీద ఉంటే గదిలోంచి కదలకూడదు. ఆ ఆరో రోజు అందుకు. వాన వెలిసిన మర్నాడు ఘాట్ రోడ్డు ఎండినట్టే కనిపిస్తుంది గానీ, కొండ నీడ పడే మలుపుల్లో తడి, పాచి, గట్టు మీంచి జారిన గులకరాళ్ళు ఇంకా అక్కడే ఉంటాయి. ఇద్దరితో బరువెక్కిన బండికి ఆ గులకరాళ్ళే అసలు శత్రువులు.

నన్నడిగితే కార్తీక పౌర్ణమి దాటాక బయల్దేరడం మేలు. పౌర్ణమి ముందు ఆదివారాలన్నీ వనభోజనాల బస్సులవే. అనంతగిరి ఘాట్‌లో వాటి వెనక పొగ పీలుస్తూ ఎక్కాలి. పౌర్ణమి తర్వాత కూడా సోమవారం నుంచి శుక్రవారం లోపే తిరిగిరండి. వెనక కూర్చునే ఆవిడ కార్తీక సోమవారం ఉపవాసం ఉండే మనిషైతే ఆ రోజు ఘాట్ రోడ్డు పెట్టుకోకండి. ఖాళీ కడుపుతో మెలికల రోడ్డు ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. శివుడు ఏమీ అనుకోడు గానీ మలుపు ఊరుకోదు.

ఇక సీటు. ఇప్పుడొస్తున్న చాలా బళ్ళలో నడిపేవాడికి విశాలమైన ఆసనం, వెనకవాళ్ళకి పైకి లేచి ఉన్న పీటముక్క. షోరూములో ముందు సీటు మీద కూర్చుని బండి కొనేస్తాం. వెనక సీటు మీద కూర్చుని చూసినవాణ్ణి నేను చూడలేదు. బల్లపరుపుగా, పొడవుగా ఉన్న పాతకాలపు సీటు ఇలాంటి ప్రయాణానికి హాయి. వెనక ఆనుకోవడానికి బ్యాక్‌రెస్ట్ వేయించడం దండగ ఖర్చేమీ కాదు. పట్టుకోవడానికి పిడి, పాదాలకు ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ, ఈ మూడూ ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వ నియమం చెబుతోంది. మనం చీర గార్డు అనేది అదే. అందం చెడిందని దాన్ని పీకి అటక మీద పడేసినవాళ్ళు ఈ ప్రయాణానికి ముందు దించి బిగించుకోవాలి. చున్నీ మాత్రం బ్యాగులోనే ఉండాలి.

ఒక పక్కకు కూర్చునే అలవాటు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఊళ్ళో బజారుకి వెళ్ళేటప్పుడు ఎలా కూర్చున్నా, ఘాట్‌లో అలా కుదరదు. బరువంతా ఒక వైపే ఉంటుంది, బ్రేకు పడితే పట్టు దొరకదు. సల్వార్ గానీ ప్యాంటు గానీ వేసుకుని రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవాలి. మలుపులో బండి ఎటు వంగితే మనిషీ అటే వంగాలి. భయపడి ఎదురు వైపు వంగితే నడిపేవాడికి బండి మొండికేసినట్టు ఉంటుంది. ‘మలుపు ఏ వైపు తిరుగుతుంటే నా ఆ భుజం మీంచి చూడు’ అని చెబితే చాలు, ఒళ్ళు సరిగ్గా దానంతటదే వస్తుంది. కొండ దారి చూసే అవకాశం కూడా ఆవిడకి దొరుకుతుంది.

సామాను విషయంలో అందరూ చేసే పని, పెద్ద బ్యాగు వెనకావిడ వీపుకి తగిలించడం. చదును రోడ్డు మీద పరవాలేదు. ఎక్కుడులో అది మనిషిని వెనక్కి లాగుతుంది, భుజాలు ఊడిపోతాయి. బండికి రెండు వైపులా వేలాడే సంచులు కట్టండి, ఆవిడ చేతులు ఖాళీగా వదలండి. వెనక టైరులో గాలి ఒక్కరికైతే ఎంత, ఇద్దరికైతే ఎంత అన్నది కంపెనీ పుస్తకంలో వేరువేరుగా రాసి ఉంటుంది. వెనక షాకుల బిగింపు కూడా అంతే. బయల్దేరే ముందు రోజే రెండూ చూసుకోండి.

మొదటి రోజు విశాఖ నుంచి అరకు, సుమారు 115 కిలోమీటర్లు. టిఫిను తిని నింపాదిగా బయల్దేరితే చాలు. ఎస్.కోటలో ట్యాంకు నింపి, కాళ్ళు సాగదీసుకుని ఘాట్ ఎక్కండి. కాఫీ తోటల మధ్య ఆగిన చోటల్లా దిగండి; నవంబరు వచ్చేసరికి కాఫీ పళ్ళు ఎరుపు తిరుగుతుంటాయి, సిల్వర్ ఓక్ మానులకు మిరియం తీగలు చుట్టుకుని ఉంటాయి. బొర్రా గుహలు దారిలోనే గానీ, వాటిని ఇదే రోజు ఇరికించకండి. బొర్రా మెట్లు దిగి ఎక్కాక మళ్ళీ బండెక్కమంటే ఏ మోకాలూ ఒప్పుకోదు. ఘాట్ అంటే మరీ భయమున్న మనిషైతే ఇంకో ఉపాయముంది. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కించండి. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె తగిలిస్తున్నారు. ఎన్నో సొరంగాలు దాటి, ఒకప్పుడు దేశంలో అన్నిటికన్నా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషనని పేరున్న శిమిలిగూడ మీదుగా ఆవిడ అరకు చేరుతుంది. మీరు బండి మీద వెళ్ళి స్టేషను బయట కలుసుకోండి. ఇందులో చిన్నతనమేమీ లేదు.

రెండో రోజు బండి తీయొద్దు. తీసినా బొర్రా దాకా వెళ్ళి రావడమే. అరకు చుట్టుపక్కల ఈ కాలానికి వలిసె పొలాలు పసుపు పచ్చగా పూస్తాయి. మనకది ఫోటో, రైతుకి అది నూనె గింజల పంట. గట్టు మీదే నిలబడండి, పొలంలో దిగితే పది ఇరవై అడుగుతారు. బేరమాడకుండా ఇవ్వండి.

మూడో రోజు పాడేరు, సుమారు 45 కిలోమీటర్లు. ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. దారిలో చాపరాయి దగ్గర నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఆ ప్రశ్న పోతుంది. రాజమహేంద్రవరం నుంచి విజయనగరం దాకా వెళ్ళే 516ఇ జాతీయ రహదారి ఇటే వస్తుంది. విస్తరణ పనులు జరిగే చోట మట్టి, కంకర ఉంటాయని ముందే అనుకుని టైము వేసుకోండి. మర్నాడు తెల్లవారుజామున వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడాలని అందరికీ ఉంటుంది. చీకట్లో వెనక మనిషిని ఎక్కించుకుని ఆ దారి పట్టడం నాకిష్టం లేదు. స్థానికుల జీపు మాట్లాడుకోండి. చలి సంగతి కూడా ఉంది. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు, ఆ ఎత్తుకే కింద కన్నా ఐదారు డిగ్రీలు తక్కువ. నడిపేవాడి చేతులూ కాళ్ళూ ఆడుతుంటాయి. కదలకుండా కూర్చున్న మనిషికే వణుకు ముందొస్తుంది. స్వెటరు ఒకటి, దాని మీద గాలి దూరని కోటు ఒకటి ఆవిడవి ముందు సర్దండి, మీవి తర్వాత.

సాయంత్రాలు పొట్టివని గుర్తుంచుకోండి. నవంబరులో విశాఖలో ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, లోయల్లో సూర్యుడు కొండ వెనక్కి ఇంకా ముందే జారిపోతాడు. నాలుగింటికల్లా గదిలో ఉండాలన్నది నా నియమం. ఇది మన్యం, చెక్‌పోస్టుల్లో గంజాయి తనిఖీలు ఉంటాయి. సంచులు విప్పమంటే విసుక్కోకుండా విప్పి చూపించడానికి కూడా టైము ఉండాలి. పాడేరు దాటాక చాలా చోట్ల ఫోనుకి సిగ్నలుండదు. జేబులో కాస్త నగదు, సంచిలో దోమల మందు ఉండాల్సిందే.

నాలుగో రోజు లంబసింగి. ఆ ఊరిని ఆంధ్రా కశ్మీర్ అనడం నాకు చిరాకు. చలికాలంలో సున్నా దాకా దిగిన రోజులున్నాయన్న మాట నిజమే గానీ, దానికి కశ్మీర్ ఎందుకు? దానికి దాని కథ ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఇక్కడి గిరిజనుల చేత అరకొర కూలికి ఘాట్ రోడ్డు పని చేయించాడు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్ళే దారి అది. 1922 తిరుగుబాటుకి దారితీసిన కారణాల్లో ఆ రోడ్డు పని ఒకటి. ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఆ మూడూళ్ళ మధ్య కొండలెలాంటివో ఇక్కడ ఒక గంట బండి నడిపినవాళ్ళకు తెలుస్తుంది. వాళ్ళు నడిచారు. మనం సరదాగా దిగే మలుపుల కింద ఆ కూలి బాకీ ఉందని ఆ చోట ఆగి వెనకావిడకి చెప్పండి. ఆవిడకి ముందే తెలిసి, మీకే చెప్పినా చెప్పొచ్చు. ఓపికుంటే మర్నాడు నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్ళి రాజు సమాధి చూసి రండి.

ఆ ఘాట్ దిగుడు ఐదో రోజు పని. ఎక్కుడు ఇంజన్ బలం మీద నడుస్తుంది, దిగుడు మనిషి బుద్ధి మీద. పెట్రోలు ఆదా అని ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో జారిపోయేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఏ గేరులో ఎక్కాల్సి వస్తుందో ఆ గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇద్దరితో వెళ్ళే బండికి రెట్టింపు వర్తిస్తుంది. ఇంజన్ పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కి జారవు. వెనక బరువు ఉన్నప్పుడు వెనక బ్రేకు ఒంటరిగా నడిపినప్పటి కన్నా బాగా పట్టుకుంటుంది. దాన్నీ ముందు బ్రేకునీ కలిపి మెల్లగా నొక్కండి. ఆవిడ హెల్మెట్ మీ హెల్మెట్‌కి టక్కున తగిలిందంటే బ్రేకు తప్పుగా వేశారని లెక్క. ఇరుకు రోడ్డులో ఎదురుగా ఎక్కే బండి వస్తే దిగేవాడే ఆగి దారివ్వాలి, చట్టం కూడా అదే అంటుంది. మడత మలుపుల్లో ఆర్టీసీ బస్సుకి రోడ్డంతా కావాలి, ఇచ్చేయండి.

మాట్లాడుకోవడానికి హెల్మెట్లో పెట్టే బ్లూటూత్ పరికరాలున్నాయి. నాకు వాటి మీద మోజు లేదు. భుజం మీద ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే ఆపు. ఈ ఒప్పందం బయల్దేరక ముందే అవ్వాలి. రెండు తట్లు పడితే ‘ఇంకో ఐదు కిలోమీటర్లలో టీకొట్టు ఉంది’ అని నచ్చజెప్పకూడదు. ఆపాలి.

నర్సీపట్నం నుంచి విశాఖ దాదాపు వంద కిలోమీటర్లు. అనకాపల్లి వైపు హైవే ఎక్కాక లారీలు, ఎండ, దుమ్ము. ఈ ప్రయాణం మొత్తంలో వెనక సీటుకి ఏమీ ఇవ్వని ముక్క ఇదొక్కటే. నర్సీపట్నంలో ఆర్టీసీ బస్సులు దొరుకుతాయి. ఆవిడ బస్సెక్కుతానంటే టికెట్టు కొనిచ్చి, సంచులు మీరు తీసుకుని, విశాఖ కాంప్లెక్స్ దగ్గర కలుసుకుందామనండి.