వృత్తి గడిలో రైతు అనే రాయండి



అమెరికాలో ఉన్న మా అమ్మాయికి పురుడు దగ్గర పడింది. నన్నూ వాళ్లమ్మనూ రమ్మంది. ఆ పని మీద పోయిన నెల విజయవాడలో ఒక వీసా కన్సల్టెన్సీకి వెళ్లాం. అక్కడ జరిగింది మా ఇంటి సంగతే అయినా, సంఘంలో అందరూ వినాల్సిందని రాస్తున్నాను. ఇవాళ మన ఊళ్లలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. పొలం తాకట్టు పెట్టి పంపినవాళ్లమే చాలామందిమి.

అమెరికా విజిటింగ్ వీసాకు కంప్యూటర్‌లో నింపే దరఖాస్తును డీఎస్-160 అంటారు. మీ వృత్తి ఏమిటి, ఎవరి దగ్గర పని చేస్తున్నారు, ఎప్పటి నుంచి, నెలకు ఆదాయం ఎంత, ఏం పని చేస్తారు అని అందులో వరసగా అడుగుతారు. అంతకుముందు ఇంకోచోట ఉద్యోగం చేసి ఉంటే ఆ యజమాని పేరు, పై అధికారి పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ కూడా రాయాలి. నెల జీతగాణ్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన కాగితం అది. పంట చేతికొస్తే డబ్బు, తుపాను వస్తే అప్పు. మన బతుకు ఆ గడుల్లో సరిగ్గా ఇమడదు.

అక్కడి కుర్రాడు మమ్మల్ని ఒక్క మాటా అడక్కుండానే తేల్చేశాడు. "అంకుల్, మీకు బిజినెస్ అని పెడతాను. రైతు అంటే చులకనగా చూస్తారు. ఆంటీకి గృహిణి అని పెడితే చాలు, మిగతా గడులు నింపే పనే ఉండదు" అన్నాడు.

నేను సరే అనబోయాను. దాచుకోవడం దేనికి, ముప్పై ఏళ్లుగా జెండా పట్టుకు తిరిగినవాణ్ని, సరే అనబోయాను. అప్పుడు మా ఆవిడ అంది: "బాబూ, నేను ఇంట్లో ఎప్పుడున్నాను? నారుమళ్ల దగ్గర్నుంచి మినుము తీత దాకా పొలంలోనేగా ఉన్నాను!" ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. సంఘం పని మీద నేను ఊళ్లు పట్టుకు తిరిగిన రోజుల్లో ఆ సేద్యం నిలబెట్టింది ఆవిడే.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. కానీ ఈ సలహా రెండు విధాల తప్పు.

మొదటిది, అది ప్రమాదం. ఫారం ఎవరు నింపినా, అందులో ఉన్నదంతా నిజమని సంతకంగా నొక్కాల్సింది మనమే. వీసా కోసం అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం ఆ దేశంలో అడుగుపెట్టే అర్హత పోవచ్చు. హైదరాబాద్ కాన్సులేట్‌లో కిటికీ అవతల మనిషి "ఏం వ్యాపారం? ఎంతమంది పని చేస్తున్నారు?" అని అడిగితే నేనేం చెప్పాలి? కన్సల్టెన్సీ కుర్రాడు నా పక్కన నిలబడడుగా!

పైగా ఆ వీసా చట్టం సంగతి చూడండి. వచ్చే ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే అనుమానంతో వాళ్లు మొదలుపెడతారు. కాదు, తిరిగి వెళ్తాను అని చూపించుకోవాల్సింది మనమే. తిరిగి రావడానికి రైతుకున్నంత కారణం ఎవరికుంది? నేల, గొడ్డు, వేసిన పంట, తీర్చాల్సిన అప్పు, అన్నీ ఇక్కడే ఉన్నాయి. రైతు అని రాస్తే వీసా వచ్చి తీరుతుందని నేను హామీ ఇవ్వను. వ్యాపారినని రాస్తే వస్తుందని ఎవడైనా హామీ ఇస్తే నమ్మొద్దు.

రెండోది అంతకన్నా పెద్దది. మన వృత్తిని మనమే దాచుకుంటే దాన్ని ఇంకెవరు లెక్కలో పెడతారు? 2011 జనాభా లెక్కల్లో 3 కోట్ల 60 లక్షల మంది ఆడవాళ్లు సాగుదారులుగా, 6 కోట్లకు పైగా వ్యవసాయ కూలీలుగా నమోదయ్యారు. ఇంతమంది ఉన్నా వీళ్లలో ఎక్కువమంది చేతిలో రైతునని చెప్పుకునే కాగితం ముక్క లేదు. మహిళా రైతుల హక్కుల కోసం స్వామినాథన్ గారు రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే మురిగిపోయింది.

కౌలు రైతు సంగతి మరీ అన్యాయం. 2007 జాతీయ రైతు విధానం కౌలుదారుణ్నీ, కూలీనీ కూడా రైతుగానే నిర్వచించింది. కాగితం మీద బాగానే ఉంది. 2019లో వచ్చిన పీఎం కిసాన్ 6,000 రూపాయలు మాత్రం భూమి పేరున ఉన్నవాళ్లకే ఇచ్చారు. అదే ఏడాది మన రాష్ట్రంలో తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల కార్డుకు కూడా భూయజమాని ఒప్పుకోలు కావాలంది. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. మా పక్క పొలం కౌలుదారు ఇరవై ఏళ్లుగా ఎకరాకు పాతిక బస్తాలు కొలుస్తున్నాడు. రేపు ఆయన కూతురు పరాయి దేశం నుంచి రమ్మంటే ఏ కాగితం పట్టుకెళ్లాలి? ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతు ఇంటికొచ్చి "ఇతను రైతేనని రుజువేది?" అని అడిగే చోట, కన్సల్టెన్సీ కుర్రాడు మనల్ని చెరిపేయడంలో వింతేముంది?

అందుకని రెండు డిమాండ్లు మండల మహాసభల్లో తీర్మానాలుగా పెడదాం. ఒకటి, ఎవరు సాగు చేస్తే వాళ్ల పేరే ఈ-పంటలో ఎక్కాలి. యజమాని సంతకంతో పని లేకుండా గ్రామసభ విచారణ మీద కార్డు ఇవ్వాలి. రెండు, భార్యాభర్తలు కలిసి సేద్యం చేసే ఇంట్లో ఇద్దరి పేర్లూ సాగుదారులుగా రాయాలి.

ప్రభుత్వం కదిలేలోపు మనం చేయగలిగింది కూడా ఉంది. ఏ ఫారమైనా వృత్తి దగ్గర వ్యవసాయం అనే రాయండి. డీఎస్-160 జాబితాలో ఆ మాట ఉంది, నేను కళ్లారా చూశాను. యజమాని దగ్గర సొంత సేద్యమని, తేదీ దగ్గర మీరు సాగులోకి దిగిన ఏడాది రాయండి. ఖర్చులు పోగా ఏడాదికి మిగిలింది పన్నెండుతో భాగించి ఉన్నదున్నట్టు నెల ఆదాయం చెప్పండి. తక్కువైందని సిగ్గుపడొద్దు. ఆ సిగ్గు గిట్టుబాటు ధర ఇవ్వనివాళ్లది.

మా ఇద్దరి ఫారాలూ అలాగే నింపించాం. పిలుపు వచ్చే నెల. ఏమవుతుందో చూడాలి. మా ఆవిడ ఫారంలో పని వివరాల గడి దగ్గర ఆవిడ చెబుతుంటే కుర్రాడు ఇంగ్లీషులో కొట్టాడు: మూడెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు, సార్వా వరి, దాళ్వాకు బదులు మినుము, రెండు గేదెలు, ముప్పై ఒక్క ఏళ్లుగా. గడిలో చోటు చాల్లేదు.