గ్యాస్ గీజర్ స్నానాల గదిలో వద్దు

ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

చలికాలంలో ఆదిలాబాద్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోతుంది. వేడినీళ్లకు గ్యాస్ గీజర్ పెట్టుకున్నచోట, దాన్ని ఎక్కడ బిగించారన్నదే ప్రాణాలతో ముడిపడిన విషయం. తలుపు వేసిన ఇరుకు స్నానాల గదిలో మంటకు ఆక్సిజన్ చాలదు. గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల తిరుగుతోందని గ్రహించి గడియ తీసేలోపే మనిషి కూలబడిపోవచ్చు. అందుకే గీజర్ గది బయట, గాలి ఆడేచోట ఉండాలి. లోపలికి నీళ్ల గొట్టం ఒక్కటే రావాలి. కిటికీ ఉంది కదా అనుకుంటే చాలదు, చలికి ముందు మూసేది దాన్నే.

ఈ గీజర్లలో మండే ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైతే నేలబారున పేరుకుంటుంది. కనుక సిలిండర్‌ను నేలమాళిగలో పెట్టకూడదు. నిలువుగా నిలబెట్టాలి, గోడకు కిందివైపు గాలి రంధ్రం ఉండాలి. ఈ గీజర్లకు ఐఎస్ 15558, సిలిండర్ల అమరికకు ఐఎస్ 6044 ప్రమాణాలు ఎప్పటినుంచో ఉన్నాయి.

చలి ముదరకముందే వసతిగృహాల్లో, లాడ్జీల్లో తనిఖీలు జరిపించి, స్నానాల గదుల్లోని గ్యాస్ గీజర్లను బయటికి మార్పించాలి. గ్యాస్ లీకైతే ఫోన్ చేయాల్సిన 1906 నంబరును ప్రతిచోటా గోడమీద రాయించాలి.