రియో నగరమున దారియు, వేళయు

రియో డి జనేరో చూడగోరు యాత్రికుడు తొలుత అడుగు ప్రశ్న, ఏ పేట క్షేమకరము అనునది. ప్రశ్న సహజమే గాని, ఆ నగరమున పుట్టి పెరిగినవారికి అంతకంటె ముఖ్యమైనది ఏ దారిన, ఏ వేళ పోవలెనన్న విచారము.

అట్లాంటిక్ సముద్రమునకును నిటారు రాతికొండలకును నడుమ ఇరుకుకొని పెరిగిన ఆ నగరమున ప్రధాన మార్గములు కొండలను దొలుచుకొనియో, వాని అంచులను చుట్టుకొనియో సాగవలసి వచ్చినది. 1892లో సొరంగము తెరచి ట్రాము నడిపిన పిమ్మటనే, ఇసుకతిన్నెలును ఒక ప్రార్థనాలయమును తప్ప అంతగా జనసంచారము లేని కోపకబానా తీరము నగరములో అంతర్భాగమైనది; 1967లో రెబోసాస్ సొరంగము ఉత్తరపు వాడలను దక్షిణ భాగమునకు చేరువ చేసినది; 1979లో ఆరంభమైన మెట్రో 2016 ఒలింపిక్ క్రీడలనాటికి బార్రా డ తిజూకా వరకు సాగినది. ధనికుల భవనములకు వెనుకనే, నగరవాసులలో సుమారు ఐదింట ఒకరికి ఆశ్రయమైన ఫవేలాలను పేదవాడలు కొండవాలులనంటి యుండుటచేత, ఒక్క మలుపు తప్పినంతనే లోకము మారిపోవును. 2024 డిసెంబరులో క్రీస్తు విగ్రహ యాత్రకు వచ్చిన ఒక అర్జెంటీనా దేశీయుడు, ఫోను చూపిన దారినబడి సాయుధుల ఏలుబడిలోని కొండవాడలో ప్రవేశించి, తుపాకి గుండ్లకు గురియై, పిమ్మట మరణించెను. దగ్గరిదారి నెరిగిన యంత్రమునకు దారిలోని మనుష్యులు తెలియరు గదా!

కావున ఆ క్రీస్తు విగ్రహము నిలిచిన కోర్కొవాడో శిఖరమునకు, దోపిడీలు జరిగిన అడవి కాలిబాటకంటె, 1884నుండి నడచుచున్న పళ్లపట్టాల రైలే మేలు. 1931లో నెలకొల్పిన ముప్పది మీటర్ల క్రీస్తు విగ్రహపు భాగములు సైతము ఆ రైలుపైననే కొండనెక్కినవి. పగటివేళ మెట్రో, చీకటిపడిన తరువాత టాక్సీ అనునది అచ్చటివారే పాటించు పద్ధతి.

సముద్రతీరమున చిరునామాలు వీధిపేళ్లతో గాక రక్షకుల గోపురముల సంఖ్యలతో చెలామణి యగును. ఇపనేమాలో ‘పోస్టో 9’ అన్నచో చాలును. భుజములకు రెండు లోహపు పీపాలు తగిలించుకొని చల్లని ‘మాటే’ పానీయము నమ్ముకొనువాడు కేక వేయుచు పోవుచుండగా, స్థానికులు స్వల్పధనముతో వచ్చి, చెప్పులను పక్కవారికి అప్పగించి నీటిలో దిగుదురు. దొంగలకు వెరచు యాత్రికులలో పెక్కురు ఎర్రజెండాను లెక్కచేయరు. లోనికి లాగుకొనిపోవు ప్రవాహము మాత్రము ఎవరినీ ఎంచి చూడదు.

ఈ జాగ్రత్తలన్నియు ఉచితములే యైనను, క్షేమమను మాటతో పాలకులు చేసిన పనులను వేరుగా తూచవలెను. 1992లో తీరమున జరిగిన మూకదోపిడీల నాటినుండి ఉత్తరపు వాడల యువకుడన్ననే అనుమానము స్థిరపడిపోగా, 2015లో తీరమునకు పోవు బస్సులనుండి బాలురను నేరమేదియు చూపకయే పోలీసులు దింపివేసిరి. బీచికి పోవు హక్కు బస్సులోనే తేలిపోవుట న్యాయమా? ఇట్టి భేదమే తీగబండ్లయందును కానవచ్చును. షుగర్‌లోఫ్ కొండకు 1912లో ఆరంభమైన తీగబండి నేటికిని యాత్రికులను మోయుచున్నది. ఆలెమావ్ ఫవేలాల కొండలపై నివసించువారికై, ఆరు స్టేషన్లతో, 2011లో ఎంతో ఆర్భాటముగ తెరచిన తీగబండియో, ఒలింపిక్ క్రీడలు ముగిసిన కొలదివారములకే, 2016లో నిలిచిపోయి, ఏండ్ల తరబడి కదలక పడియుండెను.