పటం ఎవరి చేతిలో?

“జేబులో గూగుల్ పటం ఉండగా జీఐఎస్ చదువులెందుకు? అదంతా ఆఫీసర్ల తతంగం” అంటారు మన మిత్రులొకరు. తాము ప్రజల పక్షాన మాట్లాడుతున్నామనే వారి నమ్మకం. నేనొప్పుకోను.

పొరుగూరికి దారి కావాలంటే ఆ పటం చాలు, నేనూ వాడతాను. పోడు భూమి సంగతి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజన రైతు 2005 డిసెంబరు 13కు ముందే తన సాగు ఉన్నట్లు చూపాలి. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడే గాని వాటికి మారు కాదని 2012 నియమాలు చెబుతున్నాయి. అయినా అధికారి ఆ చిత్రమే చూపి అర్జీని తోసివేస్తే జవాబేమిటి? అదే చిత్రం మీద రైతు నడిచి గుర్తించిన గట్టును, పాత సర్వే పటాన్ని పొరలుగా పరిచి చూపాలి. దారి చూపే పటంలో ఆ పని సాగదు.

పైగా దాని మెర్కేటర్ బొమ్మలో భూమధ్యరేఖకు దూరమైనకొద్దీ నేల ఉబ్బుతుంది. భూమధ్యరేఖ స్కేలుతో కొలిస్తే 17 డిగ్రీల అక్షాంశం దగ్గర విస్తీర్ణం నూటికి తొమ్మిది పాళ్లు ఎక్కువ తేలుతుంది. చట్టం 4 హెక్టార్లకు మించి ఇవ్వదు, 3.8 ఉన్నవాడు కాగితం మీద పరిమితి దాటిపోతాడు. తెర మీది కొలత సాధనం ఈ తప్పు చేయదు, నిజమే. కచేరీకి వెళ్లేది అచ్చు కాగితమే గదా!

ఖరీదంటారా? 2002లో మొదలైన క్యూజీఐఎస్ నేటికీ ఉచితం. నేర్చుకోవడం కష్టమే, వారాలు పడుతుంది. ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లను చూపించండి, నేను వచ్చి నేర్పుతాను.